మొక్క నాటడం ఆఖరి పాఠం: యువతకు పర్యావరణ పునరుద్ధరణ పని నేర్పే తీరు

పాడైన నేలను బాగుచేయడానికి విద్యార్థులను, యువకులను తీసుకెళ్లే కార్యక్రమాలు చాలావరకు ఒకే మూసలో సాగుతాయి. పొద్దున్నే బస్సు దిగుతారు, ముందే తవ్వి ఉంచిన గుంతల్లో తలా రెండు మొక్కలు పెడతారు, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతారు, మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. ఎక్కడ తవ్వాలో, ఏ మొక్క పెట్టాలో అప్పటికే వేరెవరో తేల్చేసి ఉంటారు. ఆ నేల ఇదివరకు ఎలా ఉండేదో, ఎందుకు పాడైందో ఎవరూ చెప్పరు. పెట్టిన మొక్క ఎండాకాలం దాటిందో లేదో ఆ పిల్లలకు తెలిసే దారి కూడా ఉండదు.

2021 నుంచి 2030 వరకు కాలాన్ని ఐక్యరాజ్యసమితి జీవావరణాల పునరుద్ధరణ దశాబ్దంగా ప్రకటించింది. ఆ పేరుమీద జరిగే సేవా కార్యక్రమాలకు కొదవ లేదు. లోపమల్లా నేర్పే వరసలో ఉంది. దెబ్బతిన్న నేల చాలావరకు తనంతట తానే కోలుకుంటుంది. మనిషి చేయగలిగింది దానికి అడ్డుపడుతున్న దాన్ని తొలగించడం. ఆ అడ్డు పశువుల మేత కావచ్చు, బయటినుంచి వచ్చి పాతుకుపోయిన మొక్క కావచ్చు, వాన నీరు నిలవకుండా జారిపోవడం కావచ్చు, దగ్గర్లో విత్తనమిచ్చే చెట్టే లేకపోవడం కావచ్చు. ఈ చివరి ఇబ్బంది ఉన్నచోటే నాటడం తప్పనిసరి. మిగతా చోట్ల అది రెండో పని, మూడో పని, ఒక్కోసారి అక్కర్లేని పని. నాటడంతోనే మొదలుపెట్టి నేర్పితే, అన్ని నేలలకూ ఒకటే మందు అనే తప్పుడు అవగాహన ఆ వయసులోనే స్థిరపడుతుంది.

ఈ తప్పు పెద్ద ఎత్తున ఎలా జరుగుతుందో చరిత్రలో ఉంది. అమెరికాలో 1933 నుంచి 1942 వరకు నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ ఉపాధి సంస్థలో సుమారు 30 లక్షల మంది యువకులు పనిచేసి దాదాపు 300 కోట్ల చెట్లు నాటారు. కోతకు గురైన ఎన్నో కొండలు వాళ్ల చేతుల మీదుగానే నిలబడ్డాయి. అదే యువకుల చేత, మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుందని, కుడ్జు అనే ఆసియా తీగను కూడా నాటించారు. దాన్ని ప్రోత్సహించింది ప్రభుత్వ భూసంరక్షణ విభాగమే. తీగ చెట్ల మీదికి ఎగబాకి వాటికి వెలుతురు అందకుండా కప్పేయడం మొదలయ్యాక, 1953లో వ్యవసాయ శాఖ దాన్ని సిఫార్సు జాబితా నుంచి తీసేసింది. నాటిన కుర్రాళ్ల కష్టంలో వంక పెట్టడానికేమీ లేదు. ఇక్కడ ఈ మొక్కే ఎందుకు అని అడిగే అవకాశం మాత్రం ఆ పనిలో వాళ్లకు ఇవ్వలేదు.

అదే సంస్థ యువకులు 1930ల మధ్యలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్బొరీటంలో, అంటే చెట్లూ మొక్కల మీద పరిశోధన చేసే తోటలో, మరో రకం పని చేశారు. సాగు వదిలేసిన పొలంలో ప్రెయిరీ గడ్డిభూమిని తిరిగి నిలబెట్టడానికి, ఇంకా మిగిలి ఉన్న ప్రెయిరీల నుంచి గడ్డిపెళ్లలు, విత్తనాలు తెచ్చి వేశారు. తర్వాత జాన్ కర్టిస్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడే నిప్పుతో ప్రయోగాలు చేశాడు. అప్పుడప్పుడూ అదుపులో తగలబెడితే తప్ప బయటి గడ్డిని ప్రెయిరీ మొక్కలు తట్టుకోలేవని తేలింది. అంటే ఆ నేలకు కావలసింది చెట్టు కాదు; గడ్డి, నిప్పు. సహజంగా గడ్డిభూమి అయినచోట చెట్లు నాటితే పునరుద్ధరణ పేరుతో ఇంకో విధ్వంసం చేసినట్టే అవుతుంది. యువజట్లకు మొట్టమొదట చెప్పాల్సిన సంగతుల్లో ఇదొకటి. చెట్టు అంటే మంచి, చెట్టు లేని నేల అంటే బంజరు అన్న భావన చిన్నప్పుడే నాటుకుంటుంది, తీసేయడం కష్టం.

తొలిసారి వట్టి చేతులతో

మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరి చేతికీ పనిముట్టు ఇవ్వకూడదు. కుర్రకారుకు ఇది నచ్చదు, నిర్వాహకులకు అసలే నచ్చదు. కానీ గునపం చేతిలో ఉన్నవాడు తవ్వడానికి చోటు వెతుకుతాడు గానీ నేలను చూడడు. పన్నెండు నుంచి పదిహేను మంది ఉన్న జట్టుకు 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న ముక్క ఒకటి కేటాయిస్తే చాలు. ఆ ముక్కకు పటం గీయించాలి. నీరు ఎటు పారుతోంది, బోడినేల ఎక్కడుంది, పశువులు నడిచే దారి ఎటు పోతోంది, నీడ ఎక్కడ పడుతోంది, స్థానిక మొక్కలు తమంతట తాము మొలుస్తున్న చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నవన్నీ అందులో రావాలి. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పైకి చూస్తే బోడిగా ఉన్న నేలలోనూ పొదల కింద, రాళ్ల పక్కన, పాత మొదళ్ల చుట్టూ బొటనవేలంత మొలకలు దాగి ఉంటాయి. కింద కూర్చుంటే తప్ప కనిపించవు.

అదే రోజు పది మొక్కలు గుర్తుపట్టడం నేర్పాలి: ఉంచాల్సినవి ఐదు, తీయాల్సినవి ఐదు. పుస్తకంలో బొమ్మ చూపిస్తే చాలదు, ఎందుకంటే బొమ్మలో ఉండేది పూసిన, ఎదిగిన మొక్క. పనిలో ఎదురయ్యేది రెండాకుల మొలక. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయా, కాడ గుండ్రంగా ఉందా, పలకలుగా ఉందా, నలిపితే వాసన ఎలా ఉంది అని చేత్తో పట్టుకుని నేర్చుకోవాలి. రోజు చివర్లో చిన్న పరీక్ష పెట్టవచ్చు. పది మొక్కలకు అంకెలు రాసిన రిబ్బన్లు కట్టి, ఎవరికి వారు పేరూ, ఉంచాలా తీయాలా అన్నదీ రాయమనాలి. పదిలో తొమ్మిది సరిగ్గా రాయనివాళ్లు తర్వాతిసారి కలుపు తీసేటప్పుడు తెలిసినవాళ్లతో జతగానే పనిచేయాలి. ఇది శిక్షలా అనిపించకూడదు. పీకేసిన మంచి మొలకను తిరిగి అతికించలేం, అంతే.

తీసేయడంలో ఉన్న చదువు

కలుపు తీయడం మీద సిడ్నీలో 1960ల నుంచి జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు చేసిన పనిని ఇప్పటికీ ఎవరూ తోసిపుచ్చలేరు. వాళ్లు మూడు సూత్రాలు పాటించారు. బాగున్న చోటు నుంచి మొదలుపెట్టి పాడైన చోటు వైపు జరగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదిలించాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగి వస్తున్నాయో అంత వేగంగానే కలుపు తీయాలి, అంతకుమించి తీయకూడదు. యువజట్లతో పనిచేసేవాళ్లకు మొదటిదీ మూడోదీ మింగుడు పడవు. అందరి కళ్లూ పొదలు దట్టంగా అల్లుకున్న చోటు మీదే ఉంటాయి. సాయంత్రానికి దాన్ని మైదానం చేసేస్తే తృప్తిగా ఉంటుంది. ఒక్క వాన పడగానే ఆ మైదానం నిండా అదే కలుపు, ఈసారి విత్తనం నుంచి, చదరపు మీటరుకు వందల మొలకలుగా లేస్తుంది. నేలకు వెలుతురు తగిలింది, పోటీ పోయింది, మట్టి గుల్లయింది. కలుపు కోరుకునేది సరిగ్గా అదే.

అందుకని జట్టుకు ఒక కట్టుబాటు పెట్టాలి: వచ్చిన ప్రతిసారీ మొదటి అరగంట కిందటిసారి శుభ్రం చేసిన చోటులో తిరిగి మొలిచిన కలుపు తీయాలి. అది పూర్తయ్యాకే కొత్త చోటు ముట్టుకోవాలి. పాత చోటుకే సమయమంతా సరిపోతే ఆ రోజుకు కొత్త పని లేదు. చిరాకు పుట్టించే కట్టుబాటే గానీ, ఎంత తీయగలమో దానికన్నా ఎంత కాపాడుకోగలమో ముఖ్యమని పిల్లలకు లెక్కలతో తెలిసేది దీనివల్లే.

ఒక్కో మొక్కకూ ఒక్కో పద్ధతి ఉంది. బయటినుంచి వచ్చి పాతుకుపోయిన లాంటానా పొదను నేల పైన నరికితే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు చిగురించి పొద ఇంకా గుబురవుతుంది. మంటపెడితే మొదళ్లు చావవు. పనిచేసే పద్ధతి వేరే ఉంది. పొద మధ్యలో మొదలు దగ్గరికి చేరి, నేల మట్టానికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద ప్రధాన వేరును గునపంతో తెగగొట్టాలి. పొదను ఎత్తి, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పెట్టాలి. లేకపోతే నేలకు తగిలిన కణుపుల దగ్గర మళ్లీ వేళ్లూనుతుంది. మొత్తం వేరు పెకిలించడానికి తవ్వనక్కర్లేదు, అలా తవ్వితే మట్టి కదులుతుంది. తర్వాతి రెండు మూడు వానాకాలాలు పక్షులు వాలే చెట్ల కింద ప్రత్యేకంగా వెతకాలి. లాంటానా పండ్లు తిన్న పక్షులు విత్తనాలు విడిచేది అక్కడే.

వయ్యారిభామ సంగతి పూర్తిగా వేరు. పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగాలి. పూసిన మొక్కను లాగితే విత్తనం రాలుతుంది, పుప్పొడి లేస్తుంది. దీనివల్ల చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి. కాబట్టి చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ రోజు కొలతలు రాసే పని ఇవ్వాలి. గుర్రపు డెక్క చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. తీసినదాన్ని గట్టు మీదే కుప్ప వేస్తే వరదకు తిరిగి నీళ్లలోకి పోతుంది. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి గనుక ఒకసారి శుభ్రం చేసిన కుంటను వదిలేయడం కుదరదు.

కలుపు మందుల పని పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదు. ఎంత పలచన చేసినా సరే. మోటారు రంపాలూ అంతే.

పని మొదలుపెట్టే ముందు దాచుకోవాల్సిన మొలకలన్నిటికీ రంగు రిబ్బను కట్టాలి. రిబ్బను కట్టిన మొలక చుట్టూ మీటరు వ్యాసంలో కలుపు తీసి, అక్కడే ఎండుగడ్డి పరిస్తే, నాటకుండానే మొక్క దొరికినట్టు. ఫిలిప్పీన్స్‌లో ఇంపెరాటా గడ్డి ఆక్రమించిన కొండల మీద ఈ పద్ధతే వాడారు. అక్కడ గడ్డిని కోయరు, ఒక పలకకు తాడు కట్టి భుజాలకు తగిలించుకుని, కాలితో పలకను నొక్కుతూ గడ్డిని నేలకు పడుకోబెడతారు. కోసిన గడ్డి చిగురిస్తుంది. వంగి పడుకున్న గడ్డి కిందిదానికి వెలుతురు అందక నెమ్మదిస్తుంది, నిప్పు అంటుకున్నా మంట ఎత్తు తగ్గుతుంది. పదమూడేళ్ల పిల్లలు కూడా క్షేమంగా చేయగల పని ఇది. ఏడాది తర్వాత ఆ మొలకల ఎత్తు కొలిస్తే, నర్సరీ నుంచి తెచ్చి పెట్టిన మొక్కలను అవి చాలాసార్లు దాటిపోతాయి. వాటి వేరు మొదటినుంచీ తను వెళ్లాల్సిన చోటికే వెళ్లింది మరి.

నీటిని ఆపే పని, మూడు కర్రల కొలత

వాన నీరు జారిపోయే వాలులో ఏం పెట్టినా నిలవదు. సమాన ఎత్తు గీత పట్టుకుని కందకాలు తీయాలి. ఆ గీత పట్టడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండు మీటర్ల కర్రలు రెండు తీసుకుని పైకొసలు కట్టి, కాళ్లు చాపి, నడుమున అడ్డకర్ర బిగిస్తారు. పైకొస నుంచి ఒక దారం వేలాడదీసి, అడ్డకర్ర కిందికి వచ్చేలా రాయి కడతారు. ఇంతవరకు అందరూ సులువుగానే చేస్తారు. తప్పు జరిగేది తర్వాత. కాళ్ల పొడవు కచ్చితంగా సమానమని నమ్మి, అడ్డకర్ర మధ్యలో గీత గీసేసుకుంటారు. అలా చేయకూడదు. రెండు కాళ్లూ ఆనిన చోట్ల మేకులు కొట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట ఒక గీత పెట్టాలి. ఎడమ కాలు ఉన్నచోటికి కుడి కాలు వచ్చేలా చట్రాన్ని తిప్పి, మళ్లీ దారం తాకిన చోట గీత పెట్టాలి. ఆ రెండు గీతల నడిమి బిందువే మట్టం. కర్రలు వంకరగా ఉన్నా, ముడులు ఎక్కువ తక్కువగా ఉన్నా ఈ పద్ధతిలో ఆ తేడా దానంతటదే రద్దయిపోతుంది. ఎందుకు రద్దవుతుందో జట్టు చేతే చెప్పించాలి. తరగతి గదిలో రేఖాగణితం నచ్చనివాళ్లు కూడా ఇక్కడ వాదనకు దిగుతారు.

తర్వాత ఒక కాలు నిలిపి, రెండో కాలును ముందుకు తిప్పుతూ, దారం నడిమి గీతను తాకినచోటల్లా మేకు కొట్టుకుంటూ పోవాలి. గాలికి దారం ఊగితే బరువైన రాయి కట్టాలి. కాలు రాయి మీద గానీ గుంతలో గానీ పడితే ఆ మేకు లెక్కలోకి రాదు. చట్రం కింద పడిందంటే ముడి కదిలినట్టే, మళ్లీ రెండు గీతలూ పెట్టి సరిచూసుకోవాలి. మేకుల వరస మరీ వంకరటింకరగా వస్తే కంటితో కాస్త సవరించి, 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు కందకం తీసి, మట్టిని పల్లపు వైపు గట్టుగా వేయాలి. కందకం ఒక చోట నాలుగు వేళ్లు పల్లమైనా నీళ్లన్నీ అక్కడికే చేరి, గట్టు తెగి, ఇదివరకు లేని కోత కొత్తగా పుడుతుంది. అందుకే తవ్వకం పూర్తయ్యాక కొన్ని బకెట్ల నీళ్లు పోసి చూడాలి. నీరు ఒకవైపు పరుగెత్తితే అక్కడ మట్టి వేసి, ఎత్తుగా ఉన్నచోట గీకాలి.

చిన్న చిన్న వాగుల్లో పడిన కోతకు రాళ్లు పేర్చే పని కుర్రాళ్లకు మహా సరదా. గోడలా ఎత్తుగా కట్టాలని ఉబలాటపడతారు. అమెరికాలో బిల్ జీడిక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి దీనికి ఎదురు: రాయి మీద రాయి పెట్టకూడదు. వాగు అడుగున ఒకే వరుస ఎత్తులో, మూడు నాలుగు అడ్డవరసలుగా, సందులు లేకుండా రాళ్లు పరుస్తారు. ఎత్తయిన గోడ మీంచి దూకే నీరు కింద గుంత తవ్వి గోడనే కూల్చేస్తుంది. పరిచిన రాళ్ల మీదుగా నీరు నెమ్మదిగా జారుతుంది, సందుల్లో ఒండ్రు చేరుతుంది, అందులో గడ్డి మొలుస్తుంది. అంచుల దగ్గర రాళ్లను ఒడ్డులోకి కొంచెం చొప్పించకపోతే నీరు పక్కనుంచి దారి చేసుకుంటుంది. కొట్టుకుపోయిన కట్టల్లో చాలావాటికి జబ్బు అక్కడే మొదలవుతుంది.

విత్తనం నుంచి గుంత దాకా

చుట్టుపక్కల విత్తనమిచ్చే చెట్లు లేవని పటం గీసినప్పుడే తేలితే, అప్పుడు విత్తన సేకరణ. ఒకటి రెండు చెట్ల కిందే సంచి నింపుకోవడం అందరికీ అలవాటు. అలా వచ్చిన మొక్కలన్నీ తోబుట్టువులవుతాయి. ఒక తెగులు వస్తే అన్నీ పోతాయి. విత్తన బ్యాంకులు పాటించే లెక్క ప్రకారం వీలైతే 50 మొక్కల నుంచి సేకరించాలి, ఆ రోజు పండి ఉన్న విత్తనంలో ఐదో వంతుకు మించి తీయకూడదు. మిగిలింది పక్షులకు, ఆ నేలకు. కాగితం సంచిలో వేసి జాతి, చోటు, తేదీ రాయాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ చేరి బూజు పడుతుంది.

అన్ని విత్తనాలనూ ఎండబెట్టాలన్నది ఇంకో పొరపాటు. మామిడి, నేరేడు వంటివి ఎండితే చచ్చిపోతాయి, తీసిన కొద్ది రోజుల్లోనే విత్తాలి. తుమ్మ జాతి గింజలు దానికి ఎదురు. పెంకు నీళ్లను లోపలికి రానివ్వదు. కాచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టాలి, లేదా గరుకు కాగితంతో ఒక పక్క అరగదీయాలి. మొలక ఉన్న వైపు అరగదీస్తే గింజ పోతుంది. ఏ పద్ధతి పనిచేస్తోందో తేల్చడానికి వంద గింజలను నాలుగు పాతికలుగా విడదీసి, తడి కాగితంలో చుట్టి, ఒక్కో పాతికకు ఒక్కో పద్ధతి వాడి మొలకలు లెక్కపెట్టాలి. పిల్లలు ప్రయోగం అన్న మాటను నిజంగా అనుభవించే చోటు ఇదే. దీనికి పొలం కూడా అక్కర్లేదు, వాన రోజున గదిలో చేయవచ్చు.

నర్సరీలో శుభ్రత తేలిగ్గా తీసుకునేది కాదు. కాలిఫోర్నియాలో 2012లో ఒక నర్సరీలో కనిపించిన ఫైటోఫ్తొరా టెంటాక్యులేటా అనే వేరుకుళ్లు జీవి, తర్వాత పునరుద్ధరణ కోసం నాటిన మొక్కల్లోనూ బయటపడింది. బాగుచేయడానికి తెచ్చిన మొక్కే జబ్బును మోసుకొచ్చింది. కుండీలను నేల మీద పెట్టకుండా బల్లల మీద పెట్టడం, వాడిన కుండీ మట్టిని మళ్లీ వాడకపోవడం, పనిముట్లను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవడం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు బూట్ల మట్టి బ్రష్‌తో దులపడం అలవాటు చేయాలి. మేజోళ్లకు అంటుకున్న గింజలను కూడా అక్కడే ఏరేయాలి.

ఇక నాటడం. వానలు నిలకడగా పడటం మొదలయ్యాకే. గుంత వెడల్పు నర్సరీ సంచిలో వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్దకు రెండింతలు, లోతు మాత్రం ముద్దంతే. లోతుగా తవ్వి తిరిగి పూడ్చితే మట్టి కుంగి మొక్క కిందికి దిగుతుంది. వేరూ కాండం కలిసే చోటు నేల మట్టానికి సరిగ్గా రావాలి. సంచిని పూర్తిగా తీసేయాలి. అడుగు కోసి మిగతాది వదిలేస్తే వేరు పక్కలకు పోలేదు. సంచిలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను రెండు మూడు చోట్ల నిలువుగా కోసి విడదీయాలి. గాలి, ఎండ తగిలితే సన్నటి వేళ్లు నిమిషాల్లో ఎండుతాయి కాబట్టి గుంత సిద్ధమయ్యాకే సంచి చింపాలి. మట్టి నింపుతూ చేత్తో అదిమి, కాండం పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. కదిలితే లోపల గాలి ఉన్నట్టు. పది లీటర్ల నీళ్లు, ఆపైన పది సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు. ఆకులు కాండానికి తగలకుండా జానెడు వదలాలి, లేకపోతే బెరడు కుళ్లుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న ఇద్దరు కలిసి గంటకు ఐదారు మొక్కలు ఇలా నాటితే మంచి వేగమే. ఎవరెక్కువ నాటారని పోటీ పెడితే ఇందులో సగం అంచెలు ఎగిరిపోతాయి.

పనిముట్ల విషయంలో ఒకటే కొలత: చెయ్యి చాచి పట్టుకున్న పనిముట్టు చుట్టూ తిప్పితే ఎంత దూరం వస్తుందో ఆ వలయంలో ఇంకెవరూ ఉండకూడదు. సుమారు మూడు మీటర్లు. నడిచేటప్పుడు పదును కిందికి, చెయ్యి పక్కన. భుజం మీద వద్దు. కనబడని చోట చెయ్యి పెట్టకూడదు, ముందు కర్రతో కదపాలి. ఎండలో పని అయితే పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లలోపే ఉంటే పని ఆపి లోపలికి వెళ్లాలి, చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగాలి. ఎనిమిది మందికి ఒక పెద్ద తప్పనిసరి.

చచ్చిన మొక్కను తవ్వి చూడటం

నాటిన నెలకు ఒకసారి, మొదటి ఎండాకాలం దాటాక ఒకసారి, ఏడాదికి ఒకసారి బతికినవి లెక్కపెట్టాలి. ఇంతవరకు చాలామంది చేస్తారు. ఎండిపోయినదాన్ని మాత్రం పీకి పారేసి కొత్తది పెడతారు, అక్కడే పాఠం చేజారుతుంది. చచ్చిన మొక్కను గడ్డపారతో చుట్టూ తవ్వి మట్టితో సహా బయటికి తీసి, వార్తాపత్రిక మీద పరిచి చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. వేళ్లు ఇంకా సంచి ఆకారంలోనే ఉంటే బయటి మట్టిలోకి అసలు వెళ్లలేదన్నమాట. ప్రధాన వేరు కొక్కెంలా పైకి వంగి ఉంటే గుంత లోతు చాలలేదు, బలవంతంగా కుక్కారు. వేరూ కాండం కలిసే మెడ దగ్గర బెరడు నల్లబడి వేలితో గీకితే ఊడివస్తే లోతుగా పాతారు, లేదా ఆకులు కాండానికి ఆనించారు. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. కొన ఏటవాలుగా కత్తితో కోసినట్టు తెగి ఉంటే కుందేలు. చింపినట్టు పీచుపీచుగా ఉంటే మేక, జింక వంటివి, ఎందుకంటే వాటికి పైదవడ ముందు పళ్లుండవు. వేరు, మట్టి, కాండం అన్నీ సవ్యంగానే ఉండి ఎండితే అది ఆ చోటికి చెందిన జాతి కాకపోవచ్చు.

ప్రతి మొక్కకూ కారణం రాసి లెక్క వేస్తే బొమ్మ మారిపోతుంది. వంద పెడితే అరవై బతికాయి అన్న అంకె దగ్గర ఆగితే మిగతా నలభైకి నీళ్లు చాలలేదని సరిపెట్టుకోవడం సులువు. ఆ నలభైని విడదీస్తే వాటిలో సగం చేతితో చేసిన తప్పులని తేలవచ్చు, అప్పుడు తర్వాతిసారి మార్చాల్సింది నీళ్ల ట్యాంకరును కాదు, నాటే తీరును. ఎవరు నాటినదో పేరు రాయకూడదు. రాస్తే తవ్వి చూసేటప్పుడు తగాదా తప్పదు, కారణం మరుగున పడుతుంది.

నేల మొత్తం ఎలా మారుతోందో కొలవడానికి మీటరు పొడవు గొట్టాలు నాలుగు కలిపి చదరం చేసుకోవాలి. దాన్ని విసిరి ఎక్కడ పడితే అక్కడ కొలవడం యాదృచ్ఛికం అనిపిస్తుంది గానీ, చెయ్యి తెలియకుండానే బాగున్న చోటికే విసురుతుంది. కొలత టేపు పరిచి, చీటీ తీసి వచ్చిన అంకె దగ్గర చదరం పెట్టాలి. పనిచేసిన ముక్కలో పది చోట్ల, ముట్టుకోకుండా వదిలిన పక్క ముక్కలో పది చోట్ల. ఆ రెండోది లేకపోతే వచ్చిన మార్పు పనివల్లనో, మంచి వానవల్లనో చెప్పలేం. గడ్డి ఎంత శాతం కప్పింది అని అంచనా వేయడానికి పది సెంటీమీటర్ల చదరపు అట్టముక్క కత్తిరించుకుంటే అది చదరంలో సరిగ్గా ఒక శాతం. ఇద్దరు విడివిడిగా రాసి తర్వాత పోల్చుకోవాలి. పది శాతానికి మించి తేడా వస్తే మళ్లీ చూడాలి. ఫొటోలకు మేకు పాతి, అదే ఎత్తు, అదే దిక్కు, ఏడాదిలో అదే నెల. వానాకాలం ముందు ఒకటీ తర్వాత ఒకటీ తీసి పక్కపక్కన పెడితే ఎవరి పనైనా అద్భుతంగానే కనిపిస్తుంది.

ఇదంతా ఒక్క రోజు శిబిరంలో కుదరదన్నది నిజమే. సేవా గంటల లెక్క కోసం వచ్చేవాళ్లను ఒకే చోటికి ఏడాదిలో ఎనిమిది పదిసార్లు రప్పించడం నిర్వాహకులకు తలనొప్పి. అయినా ఐదు చోట్ల ఐదు శిబిరాల కన్నా ఒకే చోట ఐదుసార్లు పనిచేయించడమే మేలు. ఖర్చు కూడా పెరగదు. ఒక్క రోజే దొరికిందంటే దాన్ని నాటడానికి వాడకుండా, పాత జట్టు ముక్కలో తిరిగి మొలిచిన కలుపు తీయడానికో, చచ్చిన మొక్కల లెక్కకో వాడుకోవచ్చు.

జట్టు మారేటప్పుడు పుస్తకం చేతులు మారాలి. అందులో పటం, జాతుల జాబితా, విత్తనం ఎక్కడ ఎప్పుడు తీశారన్నది, నాటిన వరసలు, చచ్చిన వాటి కారణాల పట్టిక, తర్వాత ఏ తేదీకి ఎక్కడ కలుపు తీయాలన్నది ఉండాలి. కాగితం ఒక్కటే చాలదు. వానలు మొదలయ్యే రెండు వారాల ముందు కొత్త జట్టు మొదటి పర్యటన పెట్టుకుని, పాత జట్టులో కనీసం ఇద్దరు వాళ్లతో ముక్క అంతా తిరగాలి. కందకంలో నీళ్లు ఏ మూల పొంగుతాయో, ఏ చెట్టు కింద లాంటానా ప్రతి ఏడూ లేస్తుందో పుస్తకం కన్నా వాళ్లే ముందుగా చూపిస్తారు.